నా గూట్లో దిండు బూడిద

అది కాదు బావా, బతికున్న మనిషిని గుమ్మంలో నిలబెట్టి "నీకిక్కడ చోటు లేదు" అంటావేంటి? అదీ మినర్వా తల్లి పండగ పూట? ముప్పై ఏళ్ళుగా ఓస్తియా ఊరి బట్టలన్నీ ఈ కాళ్ళతో తొక్కి తెల్లగా చేసినవాణ్ణి. ఇవాళ మన ఉతికేవాళ్ళ సంఘం విందులో నాకు చోటు లేదట.

తెలుసులే, పండగనాడు ఫిర్యాదులు తేకూడదని కట్టుబాటు. గోడమీద రాతిపలకలో చెక్కించింది నువ్వే కదా, సంఘానికి పెద్దవయ్యాక. కానీ అది సభ్యులకి. నేను పోయానని నా పేరు కొట్టేశావా లేదా? మరి చచ్చినవాడికి కట్టుబాట్లేంటి? నేను ఎంతసేపైనా వాగొచ్చు. నవ్వకు, నాకిక్కడ కడుపు మండిపోతోంది.

అసలు బట్టలు రుద్దే మట్టి తెమ్మని నన్ను అంత దూరం పుతెయోలీ రేవుకి పంపిందెవరు? నువ్వు. తిరిగొచ్చే పడవ మునిగిందని కబురొచ్చింది. మునిగిందే, కాదనను. నేను దాన్ని ఎక్కలేదంతే. రేవులో పీతల కూర బాగుంటుందంటే కూర్చున్నాను. సరే, ద్రాక్షసారా కూడా ఉందిలే. కళ్ళు తెరిచేసరికి పడవ వెళ్ళిపోయింది. నడుచుకుంటూ వచ్చాను బావా, పది రోజులు.

మీరు ఆగారా? శవం దొరక్కపోతే బొమ్మ చేసి దహనం చెయ్యాలని ఇంకో కట్టుబాటు. బొమ్మంటే కాస్త మనిషిలా ఉండొద్దూ? నా దిండుకే నా చొక్కా తొడిగారట. మొహం మైనంతో చేయించావట. అది వీధిలోంచి పోతుంటే రొట్టెలవాడు "మీ గాడిద పోయిందా పాపం" అని అడిగాడట. ఆ మొహానికి దండ కూడా వేశారు మళ్ళీ.

ఇక మీ చెల్లెలు. ఇంటికొచ్చి "హెడొనే, నేనే, ట్రోఫిముస్‌ని" అన్నాను. మీద పడి ఏడుస్తుందనుకున్నాను. "బట్టలన్నీ నిన్ననే నల్లరంగు అద్దించాను" అంది. అంతటితో ఆగిందా? పోయాడనుకున్న మనిషి గుమ్మంలోంచి రాకూడదు, ఇంటి కప్పులోంచి దిగాలని పట్టుబట్టింది. ఈ వయసులో నిచ్చెనెక్కి, పెంకులు తీసి దిగాను. కాలు జారి సరాసరి ఉతికే తొట్టిలో పడ్డాను.

మన తొట్టిలో ఏముంటుందో నీకు చెప్పాలా? వీధి మలుపుల్లో జాడీలు పెట్టి ఊరందరి చేతా పోయించుకొచ్చే ఉచ్చే కదా. మునిగి లేచాను. మీ చెల్లెలు ముక్కు మూసుకుని దగ్గరికొచ్చి చూసి, "ఆ, నువ్వే" అంది.

సరే, నవ్వావుగా. ఇప్పుడు విను. విందులో చోటు పోతే పోయింది. ఆ హిలారుస్ నిన్నగాక మొన్న చేరాడు, చేరినందుకు మంచి ద్రాక్షసారా ఒక జాడీ ఇచ్చాడు, నా చోట్లో మోచెయ్యి ఆనించుకుని పడుకుని తింటున్నాడు. పడుకోనీ. నాక్కావలసింది నా గూడు బావా. సమాధి గోడలో నా పేరు చెక్కిన గూడు. అందులో ఇప్పుడు ఎవరున్నారు? దిండు. దిండు బూడిద పోసిన కుండ.

ఒకసారి కర్మ జరిగాక ఆ కుండ కదపకూడదంటావు. సభ్యుడికి ఒకటే దహనం అంటావు. మరి నేను నిజంగా పోయిన రోజున ఏం చేస్తారు? ఊరి బయట గుంటలో కుక్కల పక్కన పడేస్తారా?

బానిసగా పుట్టినవాణ్ణి. నాన్న ఎవరో తెలియదు, ఏ ఊరో తెలియదు. పోయాక ఎక్కడ ఉంటానో ఒక్కటే తెలుసు అనుకుని బతికాను. గుడ్డలు తొక్కుతూ తొక్కుతూ ఆ గూడు తలుచుకునేవాణ్ణి, తెలుసా? ఇప్పుడు అదీ లేదు. నాకు భయంగా ఉంది ఎపాగథుస్ బావా, నిజంగా.

ఏంటి? చితి అంటించే ముందు వచ్చి ఉంటే ఆపేవాళ్ళా? అవును, ఆపేవాళ్ళే. నిప్పు పెట్టేదాకా ఏ కర్మా జరిగినట్టు కాదు, అదీ పలకమీద ఉంది. ఒక్కరోజు ఆలస్యమైంది, నా ఖర్మ. అయినా తప్పు నీది కూడా. మొహం పక్కకి తిప్పుకుని అంటించడం ఆచారమే, కాదనను, కానీ కుడివైపుకే తిప్పాలా? ఎడమవైపు తిప్పి ఉంటే నేను కనపడేవాణ్ణిగా.

అంటే... కనపడేవాణ్ణి అంటే...

అలా చూడకు. సరే, వచ్చాను. ఊళ్ళోకి అడుగు పెట్టేసరికి సన్నాయిలు ఊదుకుంటూ ఎదురొచ్చారు మీరంతా. "ఎవరు పోయారండీ" అని అడిగితే "ట్రోఫిముస్" అన్నారు. పైబట్ట తలమీదకి లాక్కుని వెనకాలే నడిచాను. ఆపుదామనే నడిచాను, మినర్వా తల్లి మీద ఒట్టు. చితి దాకా వచ్చాను, నోరు తెరిచాను కూడా. సరిగ్గా అప్పుడే నువ్వు మాట్లాడడం మొదలుపెట్టావు.

"వాడు తొక్కిన బట్టంత తెల్లని బట్ట ఈ ఊళ్ళో లేదు" అన్నావు. "నా చెల్లెల్ని వాడి చేతిలో పెట్టినందుకు ఒక్కరోజు కూడా బాధపడలేదు" అన్నావు. ముప్పై ఏళ్ళు ఒకే తొట్టిలో పక్కపక్కన తొక్కాం. ఎప్పుడైనా ఇందులో ఒక్క మాట నా మొహమ్మీద అన్నావా? అక్కడ నువ్వు కళ్ళు తుడుచుకుంటూ చెబుతున్నావు. నేను వెనక నిలబడి ఏడుస్తున్నాను. మధ్యలో ఎలా ఆపమంటావు? ఆపితే మిగతాది మింగేస్తావు, నీ సంగతి నాకు తెలియదా? పూర్తి చెయ్యనిచ్చి, అప్పుడు చెయ్యి ఎత్తుదామనుకున్నాను. నువ్వేమో ఏడుస్తూనే నిప్పంటించేశావు.