మనుషులకంటే పనివాళ్ళు ఎక్కువైన దీవిలో ఎనిడ్ గారు

1986వ సంవత్సరం ఏప్రిల్ 7వ తేదీన, సెయింట్ హెలీనా దీవిలోని జేమ్స్‌టౌన్ పట్టణంలో, ప్రభుత్వ లెక్కల విభాగంలో గుమాస్తాగా శ్రీమతి ఎనిడ్ కాస్వెల్ గారు పదవీ బాధ్యతలు స్వీకరించారు. నాటి నుండి నేటి పదవీ విరమణ వరకు, ముప్పైయైదు సంవత్సరాల పాటు, దీవిలో ఎవరు ఎంత పని చేస్తున్నారో కొలిచే క్లిష్టమైన కర్తవ్యాన్ని వారు ఎవరి మనసూ నొప్పించకుండా నిర్వర్తించారు. అది సామాన్య విషయం కాదు. పనిలో వెనుకబడ్డాడని ఇక్కడ ఎవరి గురించైనా రాస్తే, సాయంత్రానికల్లా ఆ మనిషి చర్చి మెట్ల మీద ఎదురుపడక మానడు.

1991లో పదోన్నతి పొందిన వెంటనే, పనితనాన్ని కొలవడానికి వారు స్వయంగా ఒక ఫారం రూపొందించారు. ప్రతి యజమానీ తన దగ్గర ఎంతమంది పని చేస్తున్నారో రాసి పంపాలి. దీవిలో జరిగిన మొత్తం పనిని ఆ సంఖ్యతో భాగిస్తే ఒక్కొక్కరి వాటా తేలుతుంది. ఆ ఫారమంటే వారికి కన్నబిడ్డంత ముద్దు. పన్నెండేళ్ళలో దానికి ఎవరూ వంక పెట్టలేదు. తోటి ఉద్యోగులం మేమూ పెట్టలేదు, మాకంత తెలివి ఏడిస్తే కదా!

2003లో ఓడ దిగిన ఒక సలహాదారు ఆ లెక్కలు తిరగేసి, ఈ దీవివాళ్ళు చేయవలసిన పనిలో సగమే చేస్తున్నారని తేల్చి, ప్రభుత్వంలో ముప్పైయొక్క మందిని తీసివేయాలని పేర్లతో సహా రాసిచ్చారు. శనివారం ఓడ కదిలేలోగా సంతకాలు పడాలి. మనసొప్పక ఎనిడ్ గారు సోమవారం ఫారాలు పట్టుకుని మళ్ళీ ఊరిమీద పడ్డారు. పొద్దున్నే రొట్టెల బట్టీలో పిండి పిసుకుతూ సిరిల్ యాన్ కనిపించాడు. మధ్యాహ్నం అగ్నిమాపక కేంద్రంలో గొట్టం చుడుతున్నదీ అతడే. సాయంత్రం ఇంటికని బస్సెక్కబోతే, చక్రం ముందు కూర్చుని పళ్ళికిలించింది కూడా అతడే.

“ఏరా సిరిల్, మీరేమన్నా ముగ్గురన్నదమ్ములా?”

“ఒక్కణ్ణే ఎనిడక్కా! తిండి మాత్రం ముగ్గురిది. ఎక్కు, ఎక్కు, వెనకవాళ్ళు తిట్టుకుంటున్నారు.”

వారు ఎక్కలేదు. తిరిగి ఆఫీసుకు నడిచి, యజమానులు పంపిన సంఖ్యలన్నీ కూడి చూస్తే, దీవిలో ఉన్న పెద్దవాళ్ళకంటే పనివాళ్ళే మూడువందల మంది ఎక్కువ తేలారు. మూడుచోట్ల ఒళ్ళు వంచే మనిషిని ముగ్గురు సోమరులుగా చూపించింది తన ముద్దుల ఫారమే. మర్నాడు పొద్దున్నే వారు ఆ కాగితాలు పట్టుకుని విభాగాధిపతి గదికి వెళ్ళారు.

విభాగాధిపతి తలుపు వేసి, గొంతు తగ్గించారు.

“ఇది బయటపెడితే నీ ఉద్యోగానికే ఎసరు. శనివారం ఆయన ఓడెక్కి పోతాడు. ఊరుకోవమ్మా.”

“ఆయన పోతాడు సార్. నేనిక్కడే బతకాలిగా? ఆదివారం ఆ ముప్పైయొక్క మంది పక్కన కూర్చుని ప్రార్థన ఎట్టా చెయ్యను?”

ముద్దుపేరుతో తప్ప, అసలు పేరు చెబితే పక్కింటివాళ్ళే గుర్తుపట్టలేని దీవి మనది. అందుచేత నాలుగు రోజుల్లో, ముద్దుపేర్లు కూడా రాసుకుంటూ, వారు మనిషి మనిషినీ విడివిడిగా లెక్కించారు. శుక్రవారం సలహాదారు కూడా ఉన్న సభలో నిలబడి, తప్పు తనదేనని చెప్పి, కొత్త లెక్క చదివారు. ఆ వారం ఎవరూ ఒక్క గంటైనా అదనంగా పని చేయకుండానే దీవివాళ్ళ పనితనం దాదాపు రెట్టింపయింది! సలహాదారు కాగితాలు రెండుసార్లు చూసుకుని, తొలగింపుల జాబితాను వెనక్కి తీసుకున్నారు. ఓడ కనుమరుగైనప్పుడు రేవులో ఎంతమంది హమ్మయ్య అనుకున్నారో ఎవరూ లెక్కపెట్టలేదు. ఎనిడ్ గారికి మాత్రం మందలింపు లేఖ అందింది. తరువాతి పదోన్నతి నాలుగేళ్ళు ఆలస్యమైంది. ఆ ఊసు వారు ఏనాడూ ఎత్తలేదు.

నాటి జాబితాలో పదిహేడవ పేరు ఈ నాలుగు మాటలు రాస్తున్నవాడిది. అప్పుడతని పెద్దకూతురికి ఆరు నెలలు. ఉద్యోగం నిలిచిందని తెలిసిన సాయంత్రం అతడు ఇంటికి పోయి, పాపను ఒళ్ళో పెట్టుకుని, సిగ్గు లేకుండా ఏడ్చాడు. ఎనిడ్ గారికి ఆ మాట చెప్పడానికి అతనికి పద్దెనిమిదేళ్ళు పట్టింది. అమ్మా, మీరు ఆయురారోగ్యాలతో నూరేళ్ళు చల్లగా ఉండాలి; మీరు నిలబెట్టిన ఇళ్ళలో ఏ పూట ఏ తలుపు తట్టినా, మీకు భోజనం సిద్ధంగా ఉంటుంది.