బోర్డు ముందు పడిన చారాణా

నాచారంలో ఒక బస్ స్టాపు. 1988 ఆగస్టు, మధ్యాహ్నం మూడు గంటలు. మిల్లులో మిషన్ కింద కుడి చెయ్యి నలిగి, పెన్షన్ కోసం ఇప్పుడే మెడికల్ బోర్డు డాక్టరుకు చూపించుకుని వచ్చిన బుచ్చిరాములు, అతని భార్య సారలమ్మ, అదే మిల్లులో రెండేళ్ల కిందట రెండు వేళ్లు పోగొట్టుకున్న పోశయ్య.

"గవన్ని తర్వాత. ముందుగాల గది చెప్పు బుచ్చన్నా. డాక్టరు పైసలు కింద పడేసిండా లేదా?"

"పడేసిండు పోశన్నా."

"ఎన్ని?"

"ఒక్కటే. చారాణా, పావలా బిళ్ల."

"నేను జెప్పలే? చెల్లె, నేను జెప్పలేనా? నా బోర్డప్పుడు గూడ గంతే. కాయితాలు సదురుతున్నట్టు సదురుతడు, టక్కున చారాణా జారుతది. పాపం పెద్దమనిషి అని మనం వంగి తీసిస్తం. తీసిచ్చినమా, అయిపాయె. చెయ్యి మంచిగున్నది, పో, మిల్లుకు పో అని రాస్తడు. పెన్షన్ లేదు, ఏం లేదు."

"నువ్వు జెప్పిన కాడికెల్లి రోజు యాది జేస్తనే ఉన్న అన్నా. పొద్దుగాల ఉప్పల్‌ల బస్సెక్కినంక గూడ మల్లొకసారి జెప్పిన."

"మంచి పని జేసినవ్ చెల్లె. అయితె, పడ్డది. పడ్డంక?"

"పడ్డంక ఏముంటది? పడ్డది."

"అరె, గదే బుచ్చన్నా. పడ్డంక నువ్వేం జేసినవ్?"

"టేబుల్ కిందికి పోయింది. తియ్యమన్నడు."

"కుడి చేత్తోనేనా?"

"కుడి చేత్తోనే. ఎడమది ఎనకకు పెట్టుకొమ్మన్నడు."

"సూసినవా చెల్లె, ఎంత తెలివి! మరి తియ్యనన్నవా?"

"తియ్యననలే. రాలే."

"రాలే! శబాష్! గదీ మాట. తియ్యనంటె కోపమొస్తది వాళ్లకు. వస్తలేదు సార్ అనాలె. నేను మస్తు మందికి జెప్పిన, గిట్ల ఎవ్వడు జెయ్యలే. మన ఉప్పలయ్య ఏం జేసిండెర్కనా? రెండుసార్లు రాదు రాదు అన్నడంట, పాపం డాక్టర్ మొకం జిన్నబోయిందని మూడోసారి తీసి చేతిల పెట్టిండంట!"

"అయ్యో."

"ఆ! తీసి కండ్లకద్దుకొని మరీ ఇచ్చిండంట. ఇప్పుడు మల్ల నైట్ షిఫ్ట్ జేస్తున్నడు. బుచ్చన్నా, చెయ్యి ఎంత పర్సెంట్ పోయిందని రాసిండు?"

"చెప్పలే. కాయితం ఇంటికస్తదన్నడు."

"వస్తది, ఫికర్ జెయ్యకు. సచ్చేదాక నెలనెలా ఇంట్ల కూసుంటె వస్తది. మరి మొకమేంది గట్ల పెట్టినవ్? ఎవరన్న జూస్తె పెన్షన్ పోయినోడు అనుకుంటరు."

"పొద్దటి సంది ఏం తినలే అన్నా ఆయన. అందుకే."

"తినిపియ్యి చెల్లె, పల్లీలన్న కొను. నేనైతె గియ్యాల సినిమాకే పోదును. అసలు ఈ డాక్టర్ల దిమాఖ్ జూడున్రి. పది రూపాయల నోటు పడేస్తడా? పడెయ్యడు. నోటైతె దొర గూడ వంగుతడు. చారాణాకైతె మనసోంటోడే వంగుతడు. ఆఫీసర్ సాబ్ కాలుతోని పక్కకు జరిపి పోతడు."

"ఇప్పుడు చారాణాకు ఏమొస్తుందన్నా."

"ఏమొస్తదో నన్ను అడుగుతున్నవా చెల్లె? బుచ్చన్నా, నీ పెండ్లాం సంగతి ఎర్కనా నీకు? మొన్న రేషన్ దుకాణం కాడ పది పైసలు మోరీల పడ్డయ్. పది పైసలు! లైన్ ఇడిసిపెట్టి, కొంగు నడుముకు చెక్కి, మోరీల చెయ్యి పెట్టింది. నేను ఆ పక్కనే ఉన్న. ఎనక ఉన్నామె ముక్కు మూసుకున్నది."

"లక్ష్మి అన్నా అది. మోరీల ఉంటె మాత్రం ఇడిసిపెడతమా? కడిగి తీసుకున్న."

"అందుకే అంటున్న. నువ్వు బోర్డు ముంగట కూసుంటె మాత్రం మన ఖేల్ ఖతం. జర లే బుచ్చన్నా, లేసి నిలబడు. చూపెట్టు ఎట్ల జేసినవో."

"ఊకో పోశన్నా."

"ఒక్కసారి, ఒక్కసారి. నేనే డాక్టర్ని. ఇగో, కాయితాలు సదురుతున్న. సదురుతున్న, సదురుతున్న..."

"అన్నా, పైసలెందుకు పారేస్తున్నవ్!"

"పారేస్తలేను చెల్లె, పరీక్ష. నాలుగున్నయ్, నాలుగు చారాణాలు, అంతే. 'ఏమయ్యా, బుచ్చిరాములూ, ఆ చిల్లర కాస్త అందుకో.' గట్లనే అంటడు గద?"

"అందరు జూస్తున్రు పోశన్నా."

"ఎవరు జూస్తున్రు? పల్లీలమ్మే ముసలామె జూస్తున్నది. ఆమె బోర్డుల మెంబరా?"

"నాకు రాదు."

"అబ్బ! గదే గొంతు! గదే మొకం! చెల్లె, సూడు సూడు, కండ్లల్ల నీళ్లు గూడ తెస్తడేమో. సరే, పాసైనవ్. నాటకమైపాయె. ఇగ తియ్యి."

"నువ్వే తీసుకో. నీ పైసలే గద."

"నేను తీసుకుంట గని, నువ్వు తియ్యి. మూడు నెలల సంది నీ చెయ్యి కట్ల చూస్తున్న, కుట్ల చూస్తున్న, ఒక్కసారన్న పని జేస్తుంటె సూడనియ్యి. సైకిల్ తొక్కుతనే ఉన్నవాయె. నిన్న బోరింగ్ కాడ బకెట్ మోస్తుంటె గూడ జూసిన. దానికేం రోగం?"

"చారాణాకు ఎవరు వంగుతరు పోశన్నా."

"నువ్వు వంగుతవ్! మిల్లు గేటు కాడ నా జేబు చినిగి చిల్లర పడ్డనాడు నాకన్న ముందుగాల నువ్వే కూసుంటివి ఏరనీకి."

"గప్పుడంటె గప్పుడు. ఇప్పుడు నడుం నొస్తున్నది."

"మిషన్ల పడ్డది నీ చెయ్యా, నడుమా?"

"ఉండనియ్యి అన్నా. నడిరోడ్డు మీద చారాణాల కోసం ఏరుడేంది, నలుగురి ముంగట. పోతె పోయింది."

"ఏంది? ఏంది చెల్లె? మల్లొకసారి జెప్పు. నువ్వేనా గీ మాటనేది?"

"నేనే. పెన్షనొచ్చేటోళ్లం. ఇంక చిల్లర ఏరుకుంటమా?"

"అబ్బో! కాయితమన్న రాకముందే దొరసానివైతివి! మోరీల చెయ్యి పెట్టినామె ఈమెనేనా?"

"ఈమెనే. నీకు మౌలాలిల పనున్నదంటివి గద అన్నా, సూడు, నీ బస్సస్తున్నది."

"రానియ్యి. ఇగో, నేను తీస్త సూడు బుచ్చన్నా, మూడు వేళ్లతోని. సూసినవా? బొటనవేలు, ఉంగరపు వేలు, చిటికెన వేలు. గిట్ల. లేనోన్ని నేను తీస్తున్న, అన్నీ ఉండి నువ్వు తియ్యవు. నీ సంగతి గాదు, పెన్షన్ సంగతి. పెన్షనొస్తె మనిషికి బద్ధకమొస్తది."

"పోతది అన్నా బస్సు."

"పోతున్న, పోతున్న. ఇంక మూడున్నయ్ కింద. ఏర్కొని పల్లీలు కొనుక్కోండ్రి, నా తరఫున దావత్. కాయితమొచ్చిన్నాడు అసలు దావత్ నువ్వియ్యాలె బుచ్చన్నా! మర్సిపోకు!"

"పోయిండా సారలా?"

"పోయిండు. మెట్టు మీద నిలబడి గూడ చెయ్యి ఊపుతున్నడు. నువ్వు గూడ ఊపు."

"ఊపిన."

"నీళ్లు తాగుతవా?"

"వద్దు."

"మన బస్సు ఎప్పుడస్తదో. కమలను పక్కింటి అన్నపూర్ణమ్మ కాడ ఇడిసొచ్చినం. నాలుగేండ్ల పిల్ల, నిద్ర లేస్తె ఏడుస్తది."

"వస్తది బస్సు."

"డాక్టరు గట్టిగ మాట్లాడిండా?"

"లేదు. మంచోడే. బాబూ, బాబూ అనే అన్నడు."

"సరే. ఇగ గది ఇడిసిపెట్టు. అయిపోయింది."

"సారలా."

"ఆ."

"నువ్వు జెప్పినట్టు జెయ్యలే నేను."

"ఏం జెయ్యలే?"

"యాక్టింగ్."

"మరి రాలే అంటివి."

"అన్న. కానీ తీద్దామనే పోయిన. పొద్దుగాల బస్సుల నువ్వు చెవుల జెప్తున్నప్పుడే అనుకున్న. పడేస్తె తీస్త. తీసి ఆయన చేతిల పెడత. పెట్టి, నా చెయ్యి మంచిగైంది సార్, మిల్లుల మల్ల నా పనే ఇయ్యమని రాయున్రి అంట."

"పెన్షన్ వద్దనా?"

"వద్దని గాదు. పదకొండేండ్లు తెగిన దారం కలిపిన. ఇప్పుడు గేటు కాడ స్టూలేసి కూసోమంటరు. లేకుంటె ఇంట్ల కూసోమంటరు."

"ఊఁ."

"టేబుల్ కింద దూరిన. చారాణా కనపడ్తున్నది. వేలు పెట్టిన. బండ తాకినట్టు లేదు, చారాణా తాకినట్టు లేదు. వంగి జూస్తె వేలు దాని మీదనే ఉన్నది. గుంజిన. జరిగింది. మల్ల పెట్టిన. మల్ల జరిగింది. గోడకు నూకి, గోడకు ఆనిచ్చి తీద్దామనుకున్న."

"ఎన్నిసార్లు జూసినవ్?"

"ఎంచలే. బయట ఇంకోని పేరు పిలుస్తున్రు. నేను ఇంక టేబుల్ కిందనే ఉన్న. ఆయన కుర్చీలకెల్లి లేసొచ్చి నా పక్కకు కింద కూసున్నడు. తెల్లబట్టల మీద. ఇక చాలు బాబూ, వదిలెయ్ అన్నడు. ఒక్కసారి సార్ అన్న."

"ఇచ్చిండా?"

"ఇచ్చిండు. రాలే. గప్పుడు ఆయననే తీసిండు. కళ్లు మూసుకో, నీ వేళ్ల మధ్య ఏం పెట్టానో చెప్పు అన్నడు. మూసుకున్న. శానసేపు మూసుకొనే ఉన్న. ఇంక పెట్టలేదా సార్ అన్న."

"ఏమన్నడు?"

"పెట్టి చాలాసేపయింది బాబూ అన్నడు. ఏడుపు గూడ రాలే సారలా. లేసిన. దండం పెట్టిన. బయటికచ్చిన. నువ్వు బెంచీ మీద కూసొని ఎక్స్‌రేల కవరు మడతలు సాపు జేస్తున్నవ్."

"నీ తువాల పడ్డది, భుజం మీదేసుకో."

"నీకు అబద్ధం జెప్పిన. మంచిగైంది, అన్నీ తెలుస్తున్నయ్ అని. సైకిల్ ఎక్కి చూపెట్టిన. బకెట్ మోసి చూపెట్టిన."

"చూపెట్టినవ్."

"నువ్వు యాక్టింగ్ జెయ్యి, యాక్టింగ్ జెయ్యి అన్నప్పుడల్ల, పాపం ఇది నమ్మింది అనుకున్న."

"జర కాలు తియ్యి."

"ఎందుకు?"

"కాలు తియ్యి. చారాణా మీద నిలబడ్డవ్."

"ఏరుతున్నవా? చారాణాలకు ఏరుడేంది అంటివి?"

"పోశన్న ఉన్నప్పుడన్న. మూడు చారాణాలు. ఎందుకు ఇడిసిపెడత?"

"మరి గప్పుడు గట్లెందుకన్నవ్?"

"ఇడువడాయె. తియ్యి తియ్యి అని నీ ఎంట పడ్డడు."

"నా ఎంట పడితె నీకేంది? నా చెయ్యి మంచిగుందనే గద నువ్వు..."

"రెండు దొరికినయ్. ఇంకోటి యాడబోయింది?"

"సారలా. ఇటు జూడు."

"జూస్తున్న."

"నీకు ఎర్కనా?"

"ఎర్క."

"ఎర్కుండి యాక్టింగ్ జెయ్యమంటివా?"

"లోపలికి పోయినంక ఎట్లైనా నీకు రాదాయె. రాకున్నా, నా పెండ్లాం జెప్పినట్టే జేసిన అనుకుంటవని."

"ఎప్పటి సంది ఎర్క?"

"కుట్లిప్పిన వారం నుంచి."

"ఎవరు జెప్పిన్రు? దవాఖానల జెప్పిన్రా?"

"ఎవరు జెప్తరు. ఆనాడు పొయ్యి మీదికెల్లి అప్పుడే దించిన అన్నం. పప్పు పోసి నువ్వే కలిపినవ్. నెల దాటింది మా నాయిన ముద్ద పెట్టక అని పిల్ల నీ ఒడిల కూసున్నది. ఇద్దరు నవ్వుకుంట ఏందో మాట్లాడుతున్రు. ఒక్కసారిగ అరిసింది."

"మిరపకాయ కొరికిందంటివి."

"అన్న."

"కారమైందని నీళ్లు తాపితివి."

"పిల్ల నాలిక మీద పొక్కు లేసింది. నువ్వు ఇంకో ముద్ద కలుపుతనే ఉన్నవ్, ఆవిరి లేస్తనే ఉన్నది. ఆనాటి సంది నీ పళ్లెంల అన్నం ఆరబెట్టే పెడుతున్న."