చుక్క

ఏమంటోంది నీ ఫోను? పది నిమిషాల్లో వానా? ఎంత పడుతుందో కూడా చెబుతోందా? అబ్బో. ముప్పై ఏళ్ళు వాతావరణ ఆఫీసులో రాడార్ ముందు కూర్చున్నవాణ్ణి, నేనే చెప్పలేకపోయాను తల్లీ. మీ అమ్మమ్మ అయితే నన్ను అడగడమే మానేసింది. నేను వాన లేదంటే లేచి వెళ్ళి బట్టలు తీసేది. ఎప్పుడూ ఆవిడదే కరెక్టు. నవ్వకు.

మా గ్లాసాయన గురించి చెప్పానా నీకు? చెప్పలేదూ? పేరేదో ఉండేదిలే, ఆఫీసంతా గ్లాసాయనే అనేవాళ్ళం. కొండ అవతల పంపుహౌసు ఆవరణలో వాన కొలిచే డబ్బా ఒకటి ఉండేది. రోజూ పొద్దున్నే దాంట్లో నీళ్ళు గాజు గ్లాసులోకి వంపి, గీత చూసి, ఎనిమిదిన్నరకి నాకు ఫోన్ చేసేవాడు. గ్లాసు పట్టేది ఇరవై మిల్లీమీటర్లు. నాకన్నా పదేళ్ళు పెద్ద, అయినా సార్ అనేవాడు. నేనేమో "ఏవయ్యా, ఇవాళ ఎన్ని చెంచాలు?" అనేవాణ్ణి. అప్పుడే కొత్త రాడార్ వచ్చింది మరి. ఏసీ గది, భుజాన శాలువా, తెర మీద రంగులు. మబ్బుని ఇక్కణ్ణించే తూకం వేస్తున్నాననుకునేవాణ్ణి. మంచం మీద రోగిని వీధిలోంచి చూసి మందు రాసే డాక్టరు బాపతు.

ఒకరోజు ఫోన్ చేశాడు. "నూట ఎనభై నాలుగు సార్." నా రాడార్ పంతొమ్మిదంటోంది. "చుక్క మర్చిపోయావేమో, పద్దెనిమిది పాయింట్ నాలుగు కదూ" అన్నాను. "లేదు సార్, తొమ్మిది గ్లాసులు నింపాను, మీద నాలుగు." "నిద్రమత్తులో ఒకే గ్లాసు తొమ్మిదిసార్లు లెక్కపెట్టుంటావు" అన్నాను. మెల్లగా, "చుక్క నేను పెట్టలేదు సార్" అన్నాడు. నేను పెట్టాను. పెన్ను తీసుకుని, నా చేత్తోనే. పెట్టాక చూసుకుంటే రాడార్‌కీ డబ్బాకీ ఎంత బాగా కుదిరిందనీ! పక్క సీటాయన్ని పిలిచి మరీ చూపించాను. తా పట్టిన కుందేలుకి మూడే కాళ్ళని ఊరికే అన్నారా. ఆ నీళ్ళన్నీ చేరే రిజర్వాయర్ ఇంజినీరుకి అదే అంకె పంపాను. గేట్లు తియ్యక్కర్లేదనుకున్నాడు ఆయన.

గ్లాసాయన ఊరుకోలేదు. గ్లాసు తువ్వాల్లో చుట్టుకుని, ఆ బురదలో సైకిల్ తొక్కుకుంటూ ఇంజినీరు దగ్గరికే వెళ్ళిపోయాడు. ఆ సంగతి తెలిసి నాకు ఒళ్ళు మండింది. నన్ను దాటి వెళతాడా అని మధ్యాహ్నానికల్లా మెమో టైపు చేయించాను. తప్పుడు కొలత, క్రమశిక్షణ లేకపోవడం, ఇంకా ఏవేవో. అటు ఇంజినీరు ఎందుకైనా మంచిదని గేట్లు తీశాడు. సాయంత్రానికి కొండ అవతలి నీళ్ళన్నీ వచ్చిపడ్డాయి. తియ్యకపోయుంటే కట్ట కింద రెండు వీధులు ఉండేవి కావు. ఇంజినీరు ఫోన్ చేసి "పద్దెనిమిదికే ఇంత నీరా సార్?" అన్నాడు. లైను సరిగా లేదని ఫోన్ పెట్టేశాను.

ఏం జరిగిందంటే, మా రాడార్ చూపు కొండ నెత్తి మీదుగా పోతోంది. అవతల మబ్బు కిందుగా కూర్చుని కుమ్మరిస్తుంటే మాకు పైపై తుంపరే కనిపించింది. తర్వాత నేనే దానిమీద పెద్ద రిపోర్టు రాశాను. కొండ వెనక లెక్క ఎలా సరిచేసుకోవాలో అందులో ఉంటుంది. శాలువా కూడా కప్పారు, ఇంకొకటి. ఆ రిపోర్టులో గ్లాసాయన పేరు లేదు.

మెమోకి ఆయన జవాబు మూడోరోజు వచ్చింది. పెద్ద కాగితం, మధ్యలో ఒక్కటే ముక్క. నూట ఎనభై నాలుగు. కింద సంతకం.

వెనక్కి తీసుకోవాల్సింది, ఆ మెమో. తీసుకోవాలంటే చుక్క పెట్టింది నేనేనని రాయాలిగా. రేపు రాద్దాం, ఎల్లుండి రాద్దాం. ఆయన రిటైరయ్యాడు. ఆ గ్లాసు తెచ్చి నా టేబుల్ మీద పెట్టి, "జాగ్రత్త సార్, అంచు కాస్త పగిలింది" అన్నాడు, అంతే. వాళ్ళింటికి వెళ్ళి చెబుదామనుకున్నాను. నేను వెళ్ళేసరికి ఆయన ఫొటోకి దండ వేసి ఉంది. కొడుకు కుర్చీ వేసి, "మా నాన్న ఎప్పుడూ మీ గురించే చెప్పేవాడండీ" అన్నాడు. ఏమని చెప్పేవాడో అడిగే ధైర్యం లేకపోయింది. ఫైల్లో ఆ మెమో ఇప్పటికీ అలాగే ఉండుంటుంది.

సరే, చినుకులు పడుతున్నట్టున్నాయి. నీ ఫోను గెలిచిందిలే. వాన వెలిశాక డాబా మీద డబ్బా ఉంటుంది చూడు, పిట్టగోడ పక్కన. గ్లాసు నా అలమరలో ఉంది, అంచు చూసి పట్టుకో. ఎంతుందో అంతే రాయి. చుక్క మాత్రం నన్నడిగి పెట్టకు.