ఆరని బల్బు

జూలో మంచునక్క గది. సంతకం చేయాల్సిన కాగితంతో పశువైద్యురాలు గది అద్దాల గోడ ముందు నిలబడింది. ఆ నక్కను చూసుకునే ఆమె తమ్ముడు చీపురు పట్టుకుని పక్కనే ఉన్నాడు.

"ఇదేంట్రా, ఇంకా గోధుమరంగులోనే ఉంది? ఈపాటికి పాలలా తెల్లబడాలి!"

"ఏసీ పూర్తిగా తగ్గించానక్కా. లోపలికెళ్తే నా పళ్లే టకటకలాడుతున్నాయి."

"చలి ఒక్కటే చాలదురా. మంచుప్రాంతంలో చలికాలం వచ్చేముందు పగలు కుంచించుకుపోతుంది. అది చూసే దీనికి దట్టమైన తెల్లబొచ్చు మొలుస్తుంది. ఆ బల్బు ఎన్నింటికి ఆర్పుతున్నావు?"

"ఏ బల్బు?"

"నా తలకాయ! నీ నెత్తిమీద వెలుగుతున్నదే."

"అదా... ఆర్పడం లేదక్కా. పాపం, చీకటంటే దానికి భయం కదా అని."

"నెలల తరబడి చీకట్లో బతికే జంతువుకి చీకటంటే భయమా? ఎవరు చెప్పారు నీకు?"

తమ్ముడు అప్పటికే శుభ్రంగా ఉన్న నేలను చీపురుతో మళ్లీ ఊడవసాగాడు.

"నిన్నే అడిగేది!"

"భయం నాకక్కా. సాయంత్రం అందరూ వెళ్లిపోయాక నేనొక్కణ్ణే కడగాలి. చీకట్లో దాని కళ్లు మెరుస్తుంటే..."

"నా ఖర్మ! సోమవారం దీన్ని మంచుకొండల పార్కుకి పంపాలి. ఈ వేసవి బొచ్చుతో వెళ్తే మొదటి రోజే గడ్డకట్టి చస్తుంది. నేను సంతకం పెట్టను."

"మరెప్పుడు పంపుతాం?"

"బొచ్చు మారాక. రెండు నెలలైనా పడుతుంది."

"పోనీలే అక్కా, ఆ రెండు నెలలూ మన దగ్గరే ఉంటుంది."

"ఉంటుంది. రోజూ మధ్యాహ్నం మూడింటికే ఈ బల్బు ఆరిపోతుంది. ఆ తర్వాత గది కడిగేది నువ్వే."