ఆదివారం కాని రోజు

హలో… ఎవరు?… ఆ, రెజీనానే మాట్లాడుతున్న. పిల్లలు పండుకున్నరు, జర మెల్లగ మాట్లాడుత, ఏమనుకోకుండ్రి… డేకేరే, ఆ—

శాంతీ? నువ్వా? ఈ నంబరు ఎవరిది తమ్మి?… దోస్తుదా… నీ ఫోన్ ఎత్తుతలేననా? ఎత్తకపోవుడు ఏంది, పొద్దటిసంది ఇంటి నిండ పిల్లలే. ఒకనికి విరేచనాలు, ఒకతె అన్నం ముట్టది. ఇగో, ఇప్పుడే అందరికీ నిద్ర పట్టింది. గోడకు ఒరిగి కూసున్న. నడుము నాది కానట్టే ఉన్నది. చెప్పు.

…

ఎక్కడున్నవ్?… మా గేటు కాడనా?

ఆగు, కిటికీ తెరుస్త… ఆ, కనిపిస్తున్నవ్. బొగ్గుబాయిల షిఫ్టు దిగి సీదా ఇటే వచ్చినవా, చెవుల ఎనుక బొగ్గు అట్లనే ఉన్నది. బండి బంద్ చెయ్యి ముందుగాల. ఆ సప్పుడు రుత్విక్ గుర్తు పడ్తడు… బంద్ చెయ్యి, మాట్లాడుదాం.

— గంట సేపా… చౌరస్తా కాడ ఐస్‌క్రీం తినిపిచ్చి తోలుకొస్తవా… సలోమి దవాఖాన డ్యూటీ దిగేలోపు…

నీ కొడుకే. కాదని ఎవరన్నరు? నేను వాని మేనత్తను, నాకు తెల్వదా.

ఇయ్యాల ఏం వారం శాంతీ?… బేస్తారం. కోర్టు నీకిచ్చింది ఆదివారం. చర్చి అయినంక పొద్దుగూకేదాక. కేసు తెగేదాక గంతే…

మరి పోయిన ఆదివారం ఎటు పోయినవ్? అంతకు ముందుటిది? పిల్లగాడు కొత్తంగి తొడుక్కొని, తల దువ్విచ్చుకొని మెట్ల మీద కూసున్నడంట. నీ పెండ్లాం సలోమే చెప్పింది… డ్యూటీ చేసినవా? ఆదివారం బాయిల దిగితే డబల్ మస్టర్, రెండు దినాల జీతం పడ్తదని…

…

వకీలుకు ఇయ్యాలెనా.

కొడుకు కోసం వకీలును పెట్టినవ్, వకీలు కోసం కొడుకు ఆదివారాలు అమ్ముకున్నవ్. ఏమనాలె తమ్మి నిన్ను. తిట్టే ఓపిక గూడ లేదు నాకు.

— ఇయ్యను.

ఇయ్యలేను అంటలేను. ఇయ్యను అంటున్న… అక్కనే. ఎవరు కాదన్నరు? గని పొద్దున సలోమి వాణ్ని ఈ గడప లోపల దించినప్పటిసంది, మల్ల ఆమె వచ్చి ఎత్తుకునేదాక, వాడు నా జిమ్మ. మేనత్త జిమ్మ కాదు, డేకేర్ నడిపే మనిషి జిమ్మ. ఎవరికి అప్పజెప్పాల్నో ఆమె రాసిచ్చింది. తను, లేకపోతే తన తల్లి. మూడో మనిషి లేడు… లేదు. నీ పేరు లేదు. వాడు ఆ గేటు దాటినంక ఏమన్న అయితే, నిన్ను అడిగేది తర్వాత, ముందు నన్నడుగుతరు. ఎందుకిచ్చినవమ్మా అంటరు. తమ్ముడు అడిగిండు సార్ అని చెప్పాల్నా?

…

నవ్వకు. నాయిన బాయి మీద ల్యాంప్ రూముల ఉన్నన్ని రోజులు ఒకని నంబరు బిళ్ళ మీద ఇంకొకనికి టోపీ లైటు ఇచ్చిండా? నువ్వు కొత్తల నీ బిళ్ళ ఇంట్ల మర్చిపోయి, దోస్తుగాని బిళ్ళ పట్టుకొని పోతే, కన్నకొడుకువని చూడకుంట ఎనుకకు తోలిండు. నీ హాజరు పోయింది. నెల దినాలు ఆయనతోని మాట్లాడకపోతివి… ఆ, యాదికొచ్చిందా. బాయిల ఏమన్న అయితే ఎవని కోసం ఎతుకాలె రా అన్నడు. గప్పుడు నేను నీ దిక్కే మాట్లాడిన. ఇప్పుడు ఆయన తీరుగ మాట్లాడుతున్న, ఏం జేస్త.

మొన్న హాసిని వాళ్ళ బాబాయికి గూడ ఇయ్యలే. ఎదురింటి మనిషి. పాప ఆయన సంకల పెరిగింది. గయినా తల్లి చెప్పలేదని మొఖం మీదనే ఇయ్యనన్న. గప్పటిసంది నా మొఖం చూస్తలేడు. ఇయ్యాల తమ్ముడని నీకిస్తే ఆ మనిషికి ఏం జవాబు చెప్పాలె?

సలోమి నిన్ను ఇడిసి ఉంటున్నది. గయినా కొడుకును నీ అక్క దగ్గరనే వదిలిపెడ్తున్నది. ఎందుకు? ఊర్ల ఇంకెవరు పిల్లలను చూసుకునేటోళ్ళు లేకనా?… అది ఆలోచించు జర.

— శాంతీ, హారన్ ఎందుకు కొట్టినవ్?

ఎందుకు కొట్టినవ్ రా. అగో, లేచిండు…

ఏం లేదు రుత్విక్, పండుకో బిడ్డా… కాదు. మీ డాడీ కాదు… రోడ్డు మీద ఎవరో పోతున్నరు… అత్త ఉన్నది కదా. పండుకో… ఆ… గట్ల. కండ్లు మూసుకో…

…

విన్నవా?

కన్నతండ్రి గేటు కాడ నిలవడితే ఎవరో పోతున్నరని చెప్పిన. నాలుగేండ్ల పోరనికి. వాడు నమ్మి అటు మళ్ళి పండుకున్నడు. నా పాణం ఎట్లున్నదో నీకు తెల్వది…

ఏడ్వకు. ఏడ్వకు తమ్మి, నడిరోడ్డు మీద… నీళ్ళు తాగుతవా? గోడ మీద సీసా పెడ్త… లోపలికి రమ్మనలేను. అది గూడ నా చేతుల లేదు.

— ఏంది?… సలోమికి చెప్పొద్దా.

చెప్పాలె. ఎవరన్న పిల్లల కోసం వస్తే అదే రోజు తల్లికి చెప్త అని అందరికి మాటిచ్చిన. ఆ మాట మీదనే ఇంతమంది పిల్లలు నా ఇంట్ల నిద్రపోతున్నరు… తెల్సు. ఆమె పోయి వకీలుకు చెప్తది. వచ్చే వాయిదాల ఉన్న ఆదివారం గూడ పోవచ్చు. అంత తెల్సే చెప్త అంటున్న.

…

అను. నువ్వు నా అక్కవే కాదు అను. పిల్లలందరు ఇండ్లకు పోయినంక మల్ల ఫోన్ చేసి అను, అక్కగ కూసొని వింట. ఎంతసేపు తిట్టినా వింట. ఇప్పుడు నాకు తీరిక లేదు శాంతీ.

— ఆ చెయ్యి తియ్యి… గేటు మీది చెయ్యి.

ఇను. ఒక్క మాట ఇను. సలోమికి నేను ఏం చూసిన్నో అదే చెప్త. రేపు కోర్టుల నిలబెట్టి అడిగినా గదే చెప్త. వచ్చిండు అని చెప్త. పిల్లగాణ్ని అడిగిండు, హారన్ కొట్టిండు అని చెప్త. ఏదీ దాచను… ఇయ్యనంటే గేటు తియ్యకుంట ఎనుకకు పోయిండు, అది గూడ నా కండ్లతోని చూసిన అని చెప్పాల్నని ఉన్నది నాకు. నువ్వు పోతేనే గద చెప్పేది. నీ కోసం అబద్ధం ఆడను తమ్మి. నిజమైతే ఎంతమంది ముందటనైనా నీ దిక్కు నిలవడి చెప్త. గా ఒక్క నిజం నాకిచ్చి పో.

…

…

ఆ… చూస్తున్న. కిటికీ కాడనే ఉన్న.

…తిరుగు… ఆ. గట్లనే పో. ఎనుకకు చూడకు.

పెడ్తున్న శాంతీ. ఆమెకు ఫోన్ చెయ్యాలె.