స్కోరుబోర్డు కింది మూల

మిత్రులారా, బంధువులారా,

ఈ మంచులో, ఈ రోడ్ల మీద ఇంతమంది వస్తారనుకోలేదు. చర్చిలో చోటు చాలదని పాస్టరుగారు ఈ హైస్కూలు ఆటల హాలు తెరిపించారు. అర్లీన్ వింటే సంతోషించేది. మంగళవారం ఉదయం ఆమె వెళ్లిపోయింది. మాది యాభై రెండేళ్ల కాపురం. నాకు మాట్లాడటం అంతగా రాదు. ఇంట్లో ఆ పని ఆమె చూసుకునేది.

బయటి రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్ల కోసం ఒక్క మాట. అధ్యక్ష పదవికి పార్టీ అభ్యర్థిని ఎంచుకునే పని అప్పట్లో అందరికంటే ముందు మా అయోవాలో మొదలయ్యేది. దాన్ని కాకస్ అంటాం. చీటీ లేదు, పెట్టె లేదు. ఎవరి అభ్యర్థి మూలకు వాళ్లు నడిచి వెళ్లి నిలబడాలి. తలలు లెక్కపెడతారు. వందకు పదిహేను మంది లేని గుంపు చెదిరిపోవాలి. పొరుగువాళ్లు చూస్తుండగా నిలబడాలి. భర్త చూస్తుండగా నిలబడాలి.

ముప్పై ఎనిమిదేళ్ల కిందట అర్లీన్ గవర్నర్ టాల్‌మన్ కోసం నిలబడింది. అదిగో, ఆ స్కోరుబోర్డు కింద.

టాల్‌మన్ ఎవరికి గుర్తున్నాడు? వేరే రాష్ట్రం ఆయన, అప్పుడూ ఇక్కడ ఎవరికీ తెలియదు. వందమందిని అడిగితే ఇద్దరు ఆయన పేరు చెప్పేవాళ్లు. జనవరి మొదటి వారంలో మా ఇంటికి వచ్చాడు. అర్లీన్ నలభై మందికి సరిపడా ఆపిల్ పై చేసింది. వచ్చింది ఏడుగురు. ఆయన ఆ ఏడుగురికీ రెండు గంటలు జవాబులు చెప్పాడు. తర్వాత మా సోఫాలోనే నిద్రపోయాడు, బూట్లు బయటికి వేలాడేసి.

ఆ రోజు ఒక టీవీ కుర్రవాడు కూడా వచ్చాడు. పాల ధర గురించి అడగలేదు. మూతపడుతున్న స్కూళ్ల గురించి అడగలేదు. అడిగింది ఒకటే: "గవర్నర్‌గారూ, ఎప్పుడు తప్పుకుంటున్నారు?" మూడుసార్లు అడిగాడు. అర్లీన్ వాడి చేతిలో ఆపిల్ పై ప్లేటు పెట్టింది. "బాబూ, ఇంకా ఒక్క మనిషి కూడా లేచి నిలబడలేదు. ఓడిపోయాడని నీకెవరు చెప్పారు? ముందు అది తిను" అంది.

కానీ ఆ ప్రశ్న ఆగలేదు. రాజధాని పేపరు సంపాదకీయం రాసింది, వెనకబడినవాళ్లు మర్యాదగా దారి వదలాలని. టీవీ చర్చలో ఆయనకు కుర్చీ వేయలేదు. కుర్చీ వేయనివాళ్లే మర్నాడు, ఆయన ఎక్కడా కనిపించడం లేదు అన్నారు.

కాకస్ ముందురోజు పొద్దున ఆయనే ఫోన్ చేశాడు. ఇక చాలనిపిస్తోందన్నాడు. అర్లీన్ చేతులు తుడుచుకుంటూ విన్నది. "రేపు మీ కోసం నేను నిలబడతాను. అప్పటిదాకా మీరు కూర్చోకూడదు" అని ఫోన్ పెట్టేసింది. ఆయన తప్పుకోలేదు.

ఇప్పుడు నేను చెప్పాల్సింది చెబుతాను.

ఆ సాయంత్రం ఈ హాల్లో ఎనభై ఆరుగురం ఉన్నాం. గుంపు నిలవాలంటే పదమూడు మంది కావాలి. ఆమె మూలలో ఆమెతో కలిపి పన్నెండు మంది. నేను ఎక్కడున్నాను? ఇటు, ఈ తలుపు పక్కన, గెలుస్తాడని అందరూ చెబుతున్న సెనేటర్ గుంపులో. కెమిస్ట్రీ పాఠాలు చెప్పేవాణ్ణి. అంకెలు నమ్మేవాణ్ణి. పొద్దున టీవీలో విన్నాను, టాల్‌మన్‌కు వేసే ఓటు వృథా అని. స్టాఫ్ రూములో ఆ మాటే నేనూ అన్నాను.

మనుషులను కూడగట్టుకోవడానికి అరగంట ఇచ్చారు. అర్లీన్ హాలంతా తిరిగింది. ప్రతి మనిషి దగ్గరా ఆగింది. నా దగ్గరికి రాలేదు. రూడీ, నువ్వు ఆమె మూలలో నిలబడి అరిచావు, గుర్తుందా? "అర్లీనక్కా, ఊళ్లోవాళ్లను బతిమాలడం ఎందుకు? మీ ఆయన్ని పిలువు!" హాలంతా నవ్వింది. అర్లీన్ అంది: "మాష్టారికి కాళ్లున్నాయి రూడీ. రావాలనిపిస్తే ఆయనే వస్తారు."

అందరితో పాటు నేనూ నవ్వాను. కదల్లేదు.

గంట కొట్టారు. పన్నెండు మందీ చెదిరిపోయారు. కారులో ఆమె అన్నది ఒక్కటే: "హీటరు కాస్త పెంచండి." మర్నాడు టాల్‌మన్ తప్పుకున్నాడు. ప్రజలు తీర్పు చెప్పారని టీవీ అంది. ఏ ప్రజలు? ఈ ఊళ్లో ఆ తీర్పు ఒక్క మనిషిది. ఆ మనిషి నేను.

ఆయన గెలిచేవాడని నేను అనడం లేదు. గెలిచేవాడు కాదు. ఆ పన్నెండు మందిలో నా భార్య నిలబడి పదమూడోవాడి కోసం చూసింది. అంతే నేను చెప్పేది.

తర్వాత కూడా ఆమె ప్రతి కాకస్‌కూ వచ్చింది. ఎవరిని టీవీ పొమ్మంటే వాళ్ల మూల వెతుక్కునేది. నేను వెంట వచ్చేవాణ్ణి, ఆమె మూలకే. ఆ సాయంత్రం మాట మాత్రం మేము ఎప్పుడూ ఎత్తలేదు. పోయిన శరదృతువులో డాక్టరు ఆమె బతికే అవకాశం ఐదు శాతం అన్నాడు. "మా గవర్నర్ కంటే నయమే" అంది.

మూడు వారాల కిందట, ఆసుపత్రి మంచం పక్కన కూర్చుని, ఆ సాయంత్రం సంగతి ఎత్తాను. క్షమించమన్నాను. ఆమె నా వైపు తిరిగింది. "ఇంకా అక్కడే నిలబడి ఉన్నారా, మాష్టారూ?" అంది. నవ్వి, కళ్లు మూసుకుంది.

ఆమెకు నా జవాబు ఇవాళ చెబుతాను.

ఆ పన్నెండు మందిలో ముగ్గురు ఈ హాల్లో ఉన్నారు. రూడీ, మీ ముగ్గురూ నాతో రండి. నేను స్కోరుబోర్డు కిందికి వెళుతున్నాను. కాళ్లు అప్పటిలా లేవు, కొంచెం సేపు పడుతుంది. మిగతావాళ్లు ఎక్కడికీ నడవనక్కర్లేదు. నేను అక్కడికి చేరాక, మీరున్న చోటే లేచి, అర్లీన్ కోసం ఒక్క నిమిషం మౌనంగా నిలబడండి.

ఈసారి ఎవరూ లెక్కపెట్టరు.