వదలని పేనుబంక

కిటికీ దగ్గర మందార కుండీ ముందు వదిన, ఆడపడుచు చతికిలబడి ఉన్నారు.

“మళ్ళీ పట్టిందా వదినా, పేనుబంక?”

“పోతేగా మళ్ళీ పట్టడానికి. సబ్బునీళ్ళు కొట్టలేక తలప్రాణం తోకకొస్తోంది.”

“వేపనూనె?”

“అదీ అయింది. చీమలున్నన్నాళ్ళూ ఇది పోదు. అవే మోసుకొచ్చి మరీ పెంచుతాయి.”

“ఇక్కడ చీమలకేం పని?”

“మీ నాన్నగారు రోజూ ఇందులో టీ పోస్తారు. నిండా పంచదారతో.”

“ఆయన పంచదార మానేశారుగా?”

“ఆయనది కాదు, అత్తయ్యది. ఆవిడ పోయినా రెండు కప్పులే కలుపుతున్నారు. రెండోది చల్లారేదాకా ఎదురుగా కూర్చుని, తెచ్చి ఆవిడ మొక్కకి పోస్తారు.”

“...వద్దని చెప్పలేకపోయావా?”

“ఏమని చెప్పను, సింకులో పారబొయ్యమనా? ఆ కొమ్మ కాస్త వంచి పట్టుకో. ఆకుల అడుగున ఇంకా ఉంది.”